ప్లాస్మా మిథనాల్: బేరానికి ముందు మీటరు చూడాలి

మీథేన్ వాయువును కరెంటు మెరుపుల మధ్య నుంచి పంపి, పెద్ద కొలిమి గాని అధిక పీడనం గాని అవసరం లేకుండానే మిథనాల్, ఎసిటిలిన్, ఎసిటిక్ ఆసిడ్, హైడ్రోజన్ వంటి సరకులు తీయవచ్చునన్న వార్తలు రసాయనాల వర్తకుల చెవిన తరచుగా పడుతున్నాయి. 'అల్ప ఉష్ణోగ్రత ప్లాస్మా' అనే ఈ విధానం ప్రయోగశాలల్లో పనిచేస్తున్న మాట నిజం. అలాంటి వార్త వెలువడినప్పుడల్లా దిగుమతి సరకు ధర ఇక పడిపోవడమే తరువాయి అని కొందరు, ఇదంతా కాగితాల మీది కబురని మరికొందరు వాదులాడుకోవడమూ మామూలే. రెండూ తొందరపాటు తీర్పులే. ఈ విధానం ఏ సరకును ముందుగా తాకుతుంది, దేని జోలికి ఇప్పట్లో రాలేదు అన్న సంగతిని కిలో సరకుకు ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుందన్న ఒక్క లెక్కతో చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ లెక్క అడగకుండా ముందస్తు బేరాలకు, వాటాలకు, అడ్వాన్సులకు చెయ్యి చాచడం వర్తక ధర్మం కాదు.

సరకు పరిస్థితి

మన దేశంలో వాడే మిథనాల్‌లో సింహభాగం దిగుమతి సరకే. అందులోనూ ఎక్కువ భాగం పశ్చిమాసియా నుంచి ట్యాంకరు ఓడల్లో కాండ్లా వంటి రేవులకు చేరి, అక్కడి నిల్వ ట్యాంకుల నుంచి లోపలి ప్రాంతాలకు పోతుంది. ప్లైవుడ్ జిగురుకు కావలసిన ఫార్మాల్డిహైడ్‌కు ఇదే ముడిసరకు. హైదరాబాద్ చుట్టుపట్ల ఉన్న బల్క్ డ్రగ్ కర్మాగారాలు దీన్ని ద్రావణిగా వాడతాయి. కనుక పశ్చిమాసియాలో ఓడల రాకపోకలకు ఆటంకం కలిగితే కాండ్లా ధర కదులుతుంది. కాండ్లా కదిలితే జీడిమెట్ల, పటాన్‌చెరు కొనుగోలుదారుల ఖర్చు పెరుగుతుంది.

ఇంత గిరాకీ ఉన్న సరకును ఇక్కడే ఎందుకు తీయరంటే కారణం గ్యాసు ధర. టన్ను మిథనాల్‌కు మామూలు పద్ధతిలో 28 నుంచి 36 గిగాజౌళ్ల గ్యాసు పడుతుంది. గ్యాసు వర్తకుల కొలతలో చెప్పాలంటే సుమారు 27 నుంచి 34 ఎంఎంబీటీయూలు. గ్యాసు 10 డాలర్లకు దొరుకుతుందనుకుంటే, గ్యాసు ఖర్చే టన్నుకు 270 నుంచి 340 డాలర్లవుతుంది. మన దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం ఓడల్లో దిగుమతి అవుతున్నదే. బావి పక్కనే చవక గ్యాసు ఉన్న గల్ఫ్ ఉత్పత్తిదారుతో ఈ ఖర్చుతో పోటీపడటం కష్టం. స్థానిక గ్యాసు ఉన్న చోట కథ వేరు. అస్సాంలోని నామ్‌రూప్‌లో చాలాకాలంగా మిథనాల్ తయారవుతున్నది. అక్కడే రోజుకు 500 టన్నుల కొత్త కర్మాగారం 2023లో ప్రారంభమయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్లాస్మా యంత్రం గ్యాసును మారుస్తుందే గాని గ్యాసును పుట్టించదు. ఒక్క అణువు కూడా వృథా కాకపోయినా కిలో మిథనాల్‌కు అర కిలో మీథేన్ కావాలి. గ్యాసు ప్రియమైన చోట ఏ యంత్రం పెట్టినా గ్యాసు బిల్లు బిల్లే. దానిపైన కరెంటు బిల్లు వచ్చి చేరుతుంది.

ట్యూబులైటులో ఉన్నదే

మీథేన్ రసాయనశాస్త్రానికి కొరకరాని కొయ్య. దాని బంధాలు అంత గట్టివి. అందుకే మామూలు కర్మాగారంలో గ్యాసును నీటి ఆవిరితో కలిపి 800 డిగ్రీలు దాటిన వేడిలో విడగొడతారు. వచ్చిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమాన్ని 50 నుంచి 100 రెట్ల వాతావరణ పీడనంలో, 200 నుంచి 300 డిగ్రీల వేడిలో రాగి ఉత్ప్రేరకం మీదుగా పంపితే మిథనాల్ వస్తుంది. రెండు మెట్ల పని. పెద్ద ఎత్తున చేస్తేనే కిట్టుబాటు.

ప్లాస్మా దారి వేరు. రెండు లోహపు పలకల మధ్య గాజునో పింగాణీనో అడ్డుపెట్టి, హెచ్చు వోల్టేజి ఇస్తే మధ్యనున్న వాయువులో సన్నని మెరుపులు పుడతాయి. అందులోని ఎలక్ట్రాన్లకు పదివేల డిగ్రీలకు సమానమైన వేగం ఉంటుంది. వాయువు మాత్రం గది వేడికి అటూ ఇటూగానో, కొన్ని వందల డిగ్రీల వద్దనో ఉంటుంది. ఇది కొత్త వింతేమీ కాదు. వెలుగుతున్న ట్యూబులైటు లోపల ఉన్నది ఇలాంటి ప్లాస్మాయే, అయినా దాన్ని చేత్తో తాకవచ్చు. జర్మనీలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1857లోనే ఇటువంటి పరికరంతో ఓజోన్ వాయువు తీశాడు. నీటిశుద్ధికి ఓజోన్ తీసే యంత్రాలు నేటికీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. 'ప్లాస్మా' అన్న పేరును అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1928లో పెట్టాడు.

ఆ ఎలక్ట్రాన్లు మీథేన్ అణువును ఢీకొని విడగొడతాయి. విడిన ముక్కలు ఎలా తిరిగి కలుస్తాయన్నది యంత్రాన్ని బట్టి, కలిపిన వాయువును బట్టి ఉంటుంది. చల్లని మెరుపుల్లో ఎక్కువగా ఈథేన్ వస్తుంది. కొంచెం వేడెక్కిన మైక్రోవేవ్, స్పార్క్ యంత్రాల్లో ఎసిటిలిన్ మొగ్గు చూపుతుంది. ఆక్సిజన్ కలిపితే మిథనాల్, ఫార్మాల్డిహైడ్ వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కలిపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లతోపాటు ఎసిటిక్ ఆసిడ్ కూడా రావచ్చు. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లను 30 డిగ్రీల వద్ద, మామూలు వాతావరణ పీడనంలో ఒకే మెట్టులో ద్రవ రసాయనాలుగా మార్చి చూపారు. వచ్చిన సరకులో ఎసిటిక్ ఆసిడ్‌దే పెద్ద వాటా. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ తరహా ప్లాస్మా యంత్రాలపై పరిశోధనలు జరిగాయి. కనుక శాస్త్రం బూటకమన్న మాట చెల్లదు.

యూనిట్ల లెక్క

శాస్త్రజ్ఞులు ఈ యంత్రాల ఖర్చును అణువుకు ఇన్ని ఎలక్ట్రాన్ వోల్టులని చెబుతారు. వర్తకుడికి ఆ భాష అక్కరలేదు. మారిన ప్రతి మీథేన్ అణువుకు ఒక ఎలక్ట్రాన్ వోల్టు ఖర్చయితే, కిలో మీథేన్‌కు సుమారు 1.7 యూనిట్ల కరెంటు ఖర్చయిందని అర్థం. ఈ ఒక్క సంఖ్య జేబులో ఉంటే ఏ ప్రకటననైనా రూపాయల్లోకి దించవచ్చు.

ఉదాహరణకు ఒక యంత్రం అణువుకు 10 ఎలక్ట్రాన్ వోల్టులు తీసుకుంటుందనుకుందాం. కిలో మీథేన్‌కు 17 యూనిట్లు. మారిన మీథేన్‌లో సగం మిథనాల్‌గా, సగం ఇతర వాయువులుగా వచ్చిందనుకుంటే, ఆ కిలో మీథేన్ నుంచి కిలో మిథనాల్ చేతికి వస్తుంది. యూనిటు 6 రూపాయలు వేసుకున్నా కరెంటు ఖర్చు కిలోకు 102 రూపాయలు. గ్యాసు, యంత్రం, శుద్ధి, వడ్డీ, మనుషులు ఇంకా లెక్కలోకి రాలేదు. దీన్ని ఆనాటి కాండ్లా ధర పక్కన పెట్టి చూసుకోవడం వర్తకుడికి నిమిషం పని.

పరిశోధకులు కూడా ఈ సంగతి దాచలేదు. కార్బన్ డయాక్సైడ్‌తో మీథేన్‌ను మార్చే పద్ధతిపై బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2017లో ప్రచురించిన సమీక్షలో అణువుకు 4.27 ఎలక్ట్రాన్ వోల్టులను పోటీకి నిలిచే హద్దుగా గీశారు. అంటే కిలో మీథేన్‌కు సుమారు 7 యూనిట్లు. గాజు అడ్డున్న చల్లని యంత్రాల్లో చాలావరకు ఈ హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ తింటున్నాయి. కొంచెం వేడిగా నడిచే గ్లైడింగ్ ఆర్క్ యంత్రాలతో ఈ హద్దు లోపలికి వచ్చిన ప్రయోగాలూ ఉన్నాయి. విచిత్రమేమిటంటే, యంత్రం ఎంత చల్లగా ఉంటే ప్రకటన అంత ఆకర్షణీయంగా ఉంటుంది, కరెంటు ఖర్చు మాత్రం అంత హెచ్చుగా కనబడుతుంది.

ధాన్యం మిల్లు లెక్క

కరెంటు తరువాత చూడవలసింది దిగుబడి. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 67 కిలోల బియ్యం రావాలన్న లెక్క మిల్లరుకు, ప్రభుత్వానికి మధ్య ఉన్నదే. రసాయన యంత్రానికీ అలాంటి లెక్క ఉంది. అయితే ఇక్కడ రెండు శాతాలు ఉంటాయి. లోపలికి పోయిన మీథేన్‌లో ఎంత మారిందన్నది ఒకటి. మారిన దానిలో కోరిన సరకు ఎంత అన్నది రెండవది. ప్రకటనల్లో సాధారణంగా ఈ రెంటిలో పెద్దదాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు.

వంద కిలోల మీథేన్‌లో 20 కిలోలు మారి, అందులో సగం మిథనాల్ అయితే, అసలు దిగుబడి నూటికి పది. మిగిలిన 80 కిలోల మీథేన్‌ను హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వగైరాల నుంచి వేరుచేసి తిరిగి లోపలికి పంపాలి. ఆ వేరుచేసే పనికి కంప్రెసర్లు, శీతల యంత్రాలు, మళ్ళీ కరెంటు. ఎక్కువ భాగం మార్చాలని మెరుపులను పెంచితే మరో చిక్కు. మిథనాల్‌కు మీథేన్ కంటే త్వరగా విడిపోయే గుణం ఉంది. పుట్టిన సరకును వెంటనే బయటికి లాగకపోతే అది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. మార్పు శాతం పెంచితే సరకు శాతం తగ్గడం ఈ విధానంతో పుట్టిన గుణం.

చల్లని యంత్రాల్లో ఎక్కువగా వచ్చే ఈథేన్ సంగతి చెప్పనే అక్కరలేదు. ఈథేన్‌ను పెద్ద క్రాకర్ కర్మాగారం తప్ప వేరొకరు కొనరు. అలాంటి కొనుగోలుదారు పక్కన లేకపోతే, గ్యాసు ఇచ్చి, కరెంటు ఇచ్చి, మళ్ళీ గ్యాసే తెచ్చుకున్నట్లవుతుంది.

నార్వే నేర్పిన పాఠం

కరెంటు మెరుపుతో రసాయన సరకు తీసి ప్రపంచ మార్కెట్లో నిలబెట్టడానికి వందేళ్ళ కిందటే ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. నార్వేలో ప్రొఫెసర్ క్రిస్టియన్ బిర్కెలాండ్, ఇంజనీరు సామ్ ఐడె 1903లో గాలిని విద్యుత్ ఆర్క్ గుండా పంపి నత్రజనిని పట్టే పద్ధతి కనిపెట్టారు. 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ ఏర్పడి, నోటోడెన్‌లో జలపాతాల కరెంటుతో ఎరువు తయారయింది. అది వేడి ఆర్క్. నేటి చల్లని ప్లాస్మా కాదు. కాని వ్యాపార సూత్రం ఒక్కటే. టన్ను నత్రికామ్లానికి సుమారు 15 వేల యూనిట్లు ఖర్చయ్యేది. జలపాతం కరెంటు అతి చవక కాబట్టి కొన్నేళ్ళు నడిచింది.

ఆ రోజుల్లో ప్రపంచానికి నత్రజని ఎరువు ప్రధానంగా చిలీ దేశపు నైట్రేటు గనుల నుంచి వచ్చేది. చిలీ సరకు వర్తకులకు నార్వే మెరుపు ఒక హెచ్చరికలా కనబడి ఉంటుంది. అయితే వారిని దెబ్బకొట్టింది నోటోడెన్ కాదు. 1913లో జర్మనీలోని ఓపావ్‌లో మొదలైన అమ్మోనియా కర్మాగారం. ఆ పద్ధతికి కరెంటు ఖర్చు తక్కువ కావడంతో 1920ల చివరికి నార్స్క్ హైడ్రో సంస్థే తన ఆర్క్ పద్ధతిని వదిలి జర్మన్ దారి పట్టింది. చిలీ వర్తకం క్షీణించింది.

ఇందులో పాఠాలు రెండు. శాస్త్రం సరైనదే అయినా యూనిట్ల లెక్క తప్పితే కర్మాగారం నిలవదు. మెరుస్తున్న పోటీదారును చూస్తూ కూర్చుంటే అసలు పోటీదారు వేరే వాకిట నుంచి వస్తాడు. నేటి మిథనాల్‌కు ఆ వాకిలి బొగ్గు నుంచి తీసే చైనా సరకు కావచ్చు, సౌర విద్యుత్తుతో తీసే హైడ్రోజన్ కావచ్చు. ప్లాస్మా వార్తల మీద ఉంచిన కన్ను వాటి మీద కూడా ఉండాలి.

చెక్క అమ్ముడుపోవాలి

నూనె మిల్లు నడవాలంటే నూనెతోపాటు చెక్క కూడా అమ్ముడుపోవాలన్నది ఆదోని, కర్నూలు వర్తకులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మీథేన్ నుంచి హైడ్రోజన్ తీసే బేరమూ ఇంతే. ఆక్సిజన్ ఏదీ కలపకుండా మీథేన్‌ను విడగొడితే 4 కిలోల మీథేన్‌కు ఒక కిలో హైడ్రోజన్, 3 కిలోల కార్బన్ పొడి వస్తాయి. సిద్ధాంతం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు 5 యూనిట్లకు కొంచెం పైన చాలు. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలంటే సిద్ధాంతంలోనే 39 యూనిట్లు, ఆచరణలో 50కి పైనే. ఆచరణలో మీథేన్ యంత్రం సిద్ధాంతానికి మూడు నాలుగు రెట్లు తిన్నా నీటి లెక్కకు దిగువనే ఉంటుంది. కరెంటు ప్లాస్మాకు అనుకూలంగా ఉన్న అరుదైన లెక్క ఇది.

కాని ఆ మూడు కిలోల కార్బన్ ఎవరు కొనాలి? టైర్లకు వాడే కార్బన్ బ్లాక్‌గా అది పనికివస్తే మంచి ధరే పలుకుతుంది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో మోనోలిత్ సంస్థ వేడి ప్లాస్మాతో ఈ మార్గంలోనే 2020లో కర్మాగారం ప్రారంభించింది. దాని విస్తరణకు అమెరికా ఇంధన శాఖ 2021 డిసెంబరులో షరతులతో 104 కోట్ల డాలర్ల రుణ హామీకి ఆమోదం తెలిపింది. ఆ సంస్థ ముందుగా మార్కెట్లోకి తెచ్చిన సరకు కార్బన్ బ్లాక్ కావడం గమనార్హం. పేరు హైడ్రోజన్‌ది, రొక్కం చెక్కది.

చెక్క ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూడాలి. 2023లో ప్రపంచం వాడిన హైడ్రోజన్ సుమారు 9.7 కోట్ల టన్నులు. అందులో నూటికి ఐదు వంతులు ఈ పద్ధతిలో తీసినా దాదాపు కోటిన్నర టన్నుల కార్బన్ వచ్చి పడుతుంది. ప్రపంచ కార్బన్ బ్లాక్ మార్కెట్ మొత్తం పరిమాణమే ఇంచుమించు అంత. మొదట వచ్చిన వారికి మంచి ధర దొరుకుతుంది. వెనుక వచ్చిన వారు తమ ధరను తామే పడగొడతారు. పైగా చల్లని ప్లాస్మాలో వచ్చిన మసి అంతా టైరు గ్రేడు కాదు. అదే మసి పలకలకు పట్టి యంత్రాన్ని ఆపేస్తుంది కూడా.

కార్బైడుకు పోటీ

ఈ విధానం ముందుగా తాకే అవకాశం ఉన్న మరో సరకు ఎసిటిలిన్. గ్యాసు వెల్డింగు, కటింగు పనులకు వాడే ఈ వాయువు నేటికీ ఎక్కువగా కాల్షియం కార్బైడు నుంచే వస్తున్నది. కార్బైడు కూడా విద్యుత్ కొలిమిలో పుట్టిన సరకే. కిలో కార్బైడుకు సుమారు 3 యూనిట్లు ఖర్చు. కిలో ఎసిటిలిన్‌కు సుమారు 3 కిలోల కార్బైడు కావాలి. అంటే ఎసిటిలిన్ ధరలో ఇప్పటికే కిలోకు 9 యూనిట్ల దాకా కరెంటు దాగి ఉంది. దానిపైన బొగ్గు, సున్నం, మిగిలిన బురద పారవేసే ఖర్చు.

మీథేన్ నుంచి ఎసిటిలిన్ తీయడానికి సిద్ధాంతం ప్రకారం కిలోకు 4 యూనిట్లు చాలు. జర్మనీలోని మార్ల్‌లో హ్యూల్స్ సంస్థ 1940లోనే వేడి ఆర్క్‌తో హైడ్రోకార్బన్ వాయువుల నుంచి టన్నుల కొద్దీ ఎసిటిలిన్ తీసింది. దానికి కిలోకు 10 నుంచి 12 యూనిట్లు పట్టేది. మిథనాల్ విషయంలో ప్లాస్మా పోటీపడవలసింది కరెంటు పెద్దగా వాడని పద్ధతితో. ఎసిటిలిన్ విషయంలో పోటీ తనలాగే కరెంటు తినే కార్బైడుతో. కొలతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పైగా ఎసిటిలిన్ పేలుడు స్వభావం వల్ల దాన్ని ట్యాంకరు ఓడల్లో తేవడం కుదరదు. ఎసిటోన్‌లో కరిగించి సిలిండర్లలో నింపి దగ్గరి ఊళ్ళకే పంపుతారు. చిన్న యంత్రం, దగ్గరి గిరాకీ అన్న ప్లాస్మా గుణానికి ఇది సరిపోతుంది. ఉపసరకుగా హైడ్రోజన్ కూడా వస్తుంది. కార్బైడు వర్తకులు ఈ వార్తలను తేలికగా తీసుకోకపోవడం మంచిది.

ఎవరికీ అక్కరలేని గ్యాసు

ప్లాస్మాకు అనుకూలంగా వినిపించే పెద్ద వాదన వృథాగా మండుతున్న గ్యాసు గురించి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2024లో చమురు బావుల వద్ద మంటల్లో కాలిపోయిన గ్యాసు 15,100 కోట్ల ఘనపు మీటర్లు. బావి మంట ఎలా ఉంటుందో 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్‌ను రెండు నెలలకు పైగా చూసిన కోనసీమ వారికి తెలుసు. అది ప్రమాదం. బావుల వద్ద రోజూ మండే మంటలు మాత్రం కొనేవాడు లేక పెట్టినవి. గ్యాసును ద్రవ సరకుగా మార్చే పెద్ద కర్మాగారాలు లేకపోలేదు. కతార్‌లో 2011లో మొదలైన పర్ల్ కర్మాగారం రోజుకు 1.4 లక్షల పీపాల ద్రవ ఇంధనం తీయగలదు. దానికి అయిన ఖర్చు 1,800 కోట్ల డాలర్లకు పైమాటే. చెదురుమదురుగా ఉన్న చిన్న మంటకు అలాంటి కర్మాగారం పెట్టలేరు. చిన్న ప్లాస్మా యంత్రం పెట్టవచ్చు.

వాదన సబబుగానే ఉంది. కాని అక్కడా మీటరు ఉంది. మారుమూల బావి వద్ద కరెంటు కావాలంటే అదే గ్యాసుతో జనరేటరు తిప్పాలి. కిలో మీథేన్ కాలిస్తే మంచి ఇంజనులో సుమారు 5 యూనిట్లు వస్తాయి. యంత్రం కిలోకు 17 యూనిట్లు తింటే, ఒక కిలో మార్చడానికి మూడు కిలోలకు పైగా కాల్చాలి. మంట ఆర్పడానికి మంట పెట్టినట్లే. అదే 5 యూనిట్లలో పని జరిగితే ఒకటికి ఒకటి. అప్పుడు బేరం మాట్లాడవచ్చు.

బయోగ్యాసు విషయం కొంత మెరుగు. అందులో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ ఉంటాయి. ప్లాస్మా యంత్రం రెంటినీ వేరుచేయకుండానే తీసుకోగలదు. అయితే 2018 అక్టోబరులో మొదలైన 'సతత్' పథకం కింద శుద్ధి చేసిన బయోగ్యాసును చమురు సంస్థలు కొనే ఏర్పాటు జరిగింది. కొనుగోలుదారు ఉన్న గ్యాసుకు ధర ఉంటుంది. ధర ఉన్న గ్యాసును యంత్రంలోకి పంపే ముందు యజమాని రెండు ధరలూ పోల్చుకుంటాడు.

మధ్యాహ్నం మిగిలిపోయే సౌర విద్యుత్తుతో నడపవచ్చునన్న మాట కూడా వినబడుతున్నది. కొలిమిని ఆర్పి వెలిగించడం కష్టం. ప్లాస్మాను నిమిషాల్లో ఆపి, నిమిషాల్లో మొదలుపెట్టవచ్చు. ఇది నిజమైన సౌలభ్యమే. కాని రోజుకు ఆరు గంటలే నడిచే యంత్రం మీద వడ్డీ మాత్రం ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. కిలో సరకు మీద పడే పెట్టుబడి భారం నాలుగు రెట్లు. చవక కరెంటులో మిగిలింది వడ్డీలో పోకుండా చూసుకోవాలి.

అడగవలసిన ప్రశ్నలు

కొత్త విధానం పేరుతో వాటాలు, అడ్వాన్సులు, పంపిణీ హక్కులు అమ్మజూపే వారిని వర్తకులు కొన్ని ప్రశ్నలు అడగాలి. గోడ దగ్గర మీటరులో కొలిస్తే కిలో అమ్మకపు సరకుకు ఎన్ని యూనిట్లు? మెరుపు దగ్గర కొలిచిన సంఖ్య వేరు, గోడ దగ్గర కొలిచింది వేరు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు, విద్యుత్ సరఫరా యంత్రం కొంత మింగుతాయి. ఆపకుండా ఎన్ని గంటలు నడిచింది? రెండు గంటల ప్రయోగానికి, రెండు నెలల ఉత్పత్తికి పోలిక లేదు. వంద కిలోల గ్యాసు పోస్తే ఏ సరకు ఎన్ని కిలోలు వచ్చింది? ఉపసరకు కొనేవారి పేరు ఒప్పందంలో ఉందా? నీరు కలిసిన మిథనాల్‌ను అమ్మకపు గ్రేడుకు తేవడానికయ్యే ఖర్చు ధరలో చేర్చారా? వీటికి సంఖ్యలతో జవాబు రాకపోతే చెక్కు పుస్తకం మూసివేయడం క్షేమం.

ప్రభుత్వం చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. ప్రజాధనంతో నడిచే ప్రతి ప్రయోగ కర్మాగారం కిలో సరకుకు వాడిన యూనిట్లను, నడిచిన గంటలను ప్రకటించాలన్న షరతు పెట్టాలి. మిల్లరు నుంచి బియ్యం లెక్క అడిగే ప్రభుత్వం యంత్రం నుంచి కరెంటు లెక్క అడగడంలో తప్పు లేదు. ఆ లెక్క బయట ఉంటే మంచి యంత్రానికి పెట్టుబడి త్వరగా దొరుకుతుంది. ఉత్తుత్తి ప్రకటనకు మదుపరి డబ్బు పోదు. దిగుమతుల మీద ఇంతగా ఆధారపడిన సరకుకు ఏ కొత్త దారి దొరికినా దేశానికి మేలే. మేలైన దారిని మాయదారి నుంచి వేరుచేసే సాధనం మీటరు ఒక్కటే.

మొత్తం మీద, కిలోకు ఇన్ని యూనిట్లని మీటరు లెక్కతో ఎవరైనా నిరూపించి చూపేవరకు మిథనాల్ వర్తకులు కాండ్లా నిల్వలను, పశ్చిమాసియా గ్యాసును, డాలరు మారకపు రేటును చూసి బేరాలు చేసుకోవడమే మంచిది. కార్బైడు, కార్బన్ బ్లాక్ వర్తకులు మాత్రం ప్లాస్మా వార్తలను పేజీ తిప్పకుండా చదవాలి. దీర్ఘకాలపు సరఫరా ఒప్పందాలు రాసుకునేటప్పుడు ధర సవరణకు ఒక నిబంధన చేర్చుకుంటే నష్టమేమీ లేదు.